ఏసీ గదిలో గంజి వాసన

దత్తాత్రి చేతిలోని టీ చేదుగా ఉంది. చక్కెర వేసింది ఆఫీసు ఊడ్చి టీ పెట్టే ఓదెమ్మే, రోజూ వేసినంతే వేసింది. చేదు వేసింది మాత్రం హెడ్డాఫీసు.

ఆ పొద్దున వచ్చిన ఆర్డరు ప్రకారం భివండీ నార్పోలిలోని సర్కారీ సైజింగ్ కేంద్రానికి కొత్త మేనేజరు ఎలీషా. ఆ మూడక్షరాలను దత్తాత్రి మనసులో ఎన్ని రకాలుగా విడగొట్టి, ఎన్ని రకాలుగా అతికించి చూసినా ఎక్కడా తన పేరు తగల్లేదు.

సైజింగ్ అంటే మరేం లేదు, నూలుకు గంజి పట్టించడం. పడుగు దారాలన్నీ బారులు తీరి గంజి తొట్టిలో మునిగి, ఆవిరి డ్రమ్ముల మీద ఆరి, బీము అనే పెద్ద ఇనుప రోలుకు చుట్టుకుంటాయి. ఆ బీము సాంచా మీదికి, అంటే మరమగ్గం మీదికి ఎక్కుతుంది. గంజి కుదిరితే దారం నిలుస్తుంది, కుదరకపోతే పుటుక్కుమంటుంది. భివండీలో పెద్ద సేట్లకు సొంత సైజింగులున్నాయి. కరీంనగర్ పక్క నుంచి వచ్చి, చెమటోడ్చి నాలుగు సాంచాలు వేసుకున్న చిన్నవాళ్లకు మాత్రం మరమగ్గాల మండలి నడిపే ఈ సర్కారీ కేంద్రమే గతి. దారమే వాళ్లకు ఆధారం.

దత్తాత్రి మగ్గం పక్కన పుట్టి ఈ కేంద్రంలో మగ్గిపోయినవాడు. మొదట బీములు మోశాడు, తర్వాత బీములు మోసేవాళ్ల మీద అరిచాడు. అలా అరిచి అరిచి సూపర్‌వైజర్ అయ్యాడు. పాత మేనేజరు రిటైరవుతున్నాడని తెలిసిన రోజే ఒక సఫారీ సూటు కుట్టించుకున్నాడు. మేనేజర్లంతా సఫారీలే వేస్తారు గనుక ముందు సూటు, వెనక సీటు వస్తుందనుకున్నాడు. సూటొచ్చింది గాని సీటు రాలేదు.

ఎలీషా ఎవరు? ఈ తొట్టి పక్కనే ట్రైనీగా నిలబడ్డ పిల్లగాడు. తెగిన దారానికి నేతగాడి ముడి ఎలా వేయాలో దత్తాత్రే వాడి వేళ్లు పట్టుకుని నేర్పాడు. ఆ ముడి నేర్చుకున్నవాడు సాయంత్రాలు చదువుకుని డిప్లొమా తెచ్చుకున్నాడు. డిప్లొమా ఉన్నవాడికే కుర్చీ అని మండలి రూలు. దత్తాత్రి నేర్పిన ముడి తిరిగి తిరిగి దత్తాత్రి కడుపులోనే పడింది.

ఎలీషా దూద్‌పేడాల డబ్బాతో నేరుగా అతని దగ్గరికే వచ్చాడు.

"అన్నా, నోరు తెరువు."

"తెరిస్తే ఏం మాటొస్తదో తమ్మీ..." అని దత్తాత్రి ఆగి, మాట దిద్దుకున్నాడు. "సార్."

"సార్ ఏంది అన్నా? నీ నోట్ల తమ్మీ అంటెనే నాకు మంచిగుంటది."

"కుర్చీకిచ్చే మర్యాద సార్ అది. మీకు కాదు."

ఎలీషా నవ్వి పేడా అతని నోట్లో పెట్టాడు. అది నోట్లో కరిగింది గాని గొంతులో ఇరుక్కుంది.

ఇంట్లో భార్య సుశీలాబాయి స్టీలు బీరువా తలుపు తెరిచి మరీ అడిగింది. "ఏమాయె మరి నీ సఫారీ?"

"సఫారీ నాదే. సవారీ ఆనిది."

"మాటలకేం తక్కువ లేదు నీకు. మాటలకు పదవిస్తే నువ్వు ఎప్పుడో మంత్రివి. ఆ మార్తను చూడు, మొగడు మేనేజరయ్యిండని నల్లాకాడ నాకే ముందు బిందె పెట్టుకోమంటున్నది. ఇంత మర్యాదేందని అడిగితే, 'వదినా, మా ఆయనకు పని నేర్పిందే అన్న' అన్నది. నాకు పుండు మీద కారం చల్లినట్టయింది."

పదవి రానివాడికి పెదవి విరవడం తప్ప ఏం మిగులుతుంది? దత్తాత్రి విరిచాడు.

అసలు బాధేంటంటే, ఎలీషా బాగా పనిచేయసాగాడు. చేతగాని వాడికి కుర్చీ దక్కితే నవ్వుకునే సుఖమైనా మిగిలేది. వీడు ఆ సుఖాన్ని కూడా మిగల్చలేదు. మేనేజరు గదిలో కాగితాల కట్టలు పడేసి, తాను తొట్టి పక్కన ఇనుప స్టూలు వేసుకున్నాడు. గంజి ఉడుకుతుంటే ముక్కుతో చూస్తాడు, వేళ్ల మధ్య రాసి చూస్తాడు. బీము దిగగానే దాని మీద చెంప ఆనిస్తాడు, తల్లి బిడ్డ నుదుటికి చెంప ఆనించి జ్వరం చూసినట్టు. తడి ఉంటే చెంపకు తెలిసిపోతుంది. "ఇంకొంచెం ఆరాలె, మిషిన్ మెల్లగ నడుపుండ్రి" అంటాడు. అంతే, ఆ బీము సాంచా ఎక్కితే దారం తెగదు.

కనేరి వాడ నుంచి వచ్చే మల్లేశం, తనవి నాలుగు సాంచాలే అయినా నలభై సాంచాల గొంతున్నవాడు, గేటు దగ్గరే మొదలుపెట్టేవాడు. "దత్తన్నా! మీ మేనేజర్ చెంప తాకిన బీము పెడితే సాంచా పాట పాడుతున్నదే!"

"పాడుతది. మేం చెంపలేసుకుంటున్నం ఈడ."

"ఏందన్నా?"

"ఏం లేదు, దోమ."

మేనేజర్ మీద దత్తాత్రి నజర్ పడింది. పడ్డ నజర్ ఊరుకుంటుందా? గంజి పిండి అయిపోవస్తోందని తెలిసీ చెప్పలేదు. బస్తాలు ఖాళీ అయిన పొద్దున, ఇప్పుడేం చేస్తాడో చూద్దామని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఎలీషా ఎవరినీ తిట్టలేదు. ఒక టెంపో మాట్లాడుకుని అంజూర్ ఫాటా గోదాముకు పోయి, మధ్యాహ్నానికల్లా బస్తాల మీద తానే కూర్చుని తిరిగొచ్చాడు. తల నుంచి కాలు దాకా పిండి. ఓదెమ్మ చూసి "సార్ తాత అయ్యిండే!" అంటే కేంద్రమంతా నవ్వింది. దత్తాత్రి కూడా నవ్వాల్సి వచ్చింది, అదే ఎక్కువ మండింది.

బాయిలర్ ట్యూబు కోసం రాసిన ఫైలును హెడ్డాఫీసు ఎప్పటిలాగే అటకెక్కించింది. ఇక్కడ వీడు చతికిలపడతాడని దత్తాత్రి ఆశపడ్డాడు. ఎలీషా చతికిలపడ్డాడు నిజమే, కానీ హెడ్డాఫీసు మెట్ల మీద, మల్లేశంతో సహా చిన్న సాంచాల వాళ్లందరినీ పక్కన కూర్చోబెట్టుకుని. ట్యూబు పట్టుకునే తిరిగొచ్చాడు. బీములు మోసేది భీములు, సంతకాలు పెట్టేది ధర్మరాజులు అనుకునే మండలిలో ఇలాంటి వింత ఎవరూ చూడలేదు. పని ఆపి వీడిని ఆపలేమని దత్తాత్రికి అర్థమైంది.

ఇంకెలా ఆపాలో అర్థమైంది మాత్రం భివండీ తెలుగువాళ్ల సంఘం హాల్లో.

ఎండాకాలం మొదట్లో సంఘం వాళ్లు మంచి పనిచేసినవాళ్లకు సత్కారం పెట్టారు. మహారాష్ట్ర పద్ధతి ప్రకారం భుజాన శాలువ, చేతిలో కొబ్బరికాయ. ఎలీషాను స్టేజీ మీదికి పిలిచారు. మొహమాటపడుతూ వెళ్లాడు. శాలువ కప్పడానికి అధ్యక్షుడు చేతులెత్తగానే ఎలీషా మెడ వంచాడు. ముందు వరసలో కూర్చున్న దత్తాత్రి ఆ క్షణాన్ని చూశాడు. ఎలీషా కళ్లు అరమూతలు పడ్డాయి. బుగ్గల్లో చిన్న వెలుగు వచ్చింది. వీపు నిమిరితే పిల్లి మొహంలో వచ్చే వెలుగు అది.

దత్తాత్రికి ముందు కడుపు కాలింది. ఆ శాలువ తన భుజాల కొలత అనిపించింది. తర్వాత ఆ మంటలోనే దీపం వెలిగింది.

"ఒక్క శాలువకే గిట్లయితే," అనుకున్నాడు, "ఇంకొన్ని కప్పితే? శాలువలు చాలవా?"

ఆ మర్నాటి నుంచి భివండీలో ఎలీషాకు దత్తాత్రిని మించిన అభిమాని లేడు. గణేశ్ మండలి వాళ్లను కలిశాడు. "మా సార్‌ను సత్కరించుండ్రి, మీ పనులు వెంటనే అయితయి." చర్చి పెద్దలను కలిశాడు. "మీ బిడ్డ ఇంత ఎత్తుకు పోతే మీరు ఊకుంటరా?" సాంచా యజమానుల సంఘం, వాలీబాల్ క్లబ్, కొత్తగా వచ్చిన సెల్‌ఫోన్ దుకాణం ప్రారంభం, దేన్నీ వదల్లేదు. చౌరస్తాలో ఎలీషా మొహంతో ఒక ఫ్లెక్సీ కూడా లేచింది. అందులో ఎలీషా అసలుకన్నా తెల్లగా, దత్తాత్రి భరించగలిగినదానికన్నా పెద్దగా ఉన్నాడు.

"అన్నా, ఇదంత ఎందుకు?" అన్నాడు ఎలీషా మొదట్లో.

"మీ కోసం కాదు సార్, కేంద్రం ఇజ్జత్ కోసం. మీరు ఎదిగితేనే మేమూ ఎదుగుతం."

తర్వాత తర్వాత ఎలీషా ఎందుకని అడగలేదు, ఎప్పుడని అడిగాడు. దత్తాత్రి కుళ్లులో సగం సంతోషం కలిసింది. మిగిలిన సగం కుళ్లుగానే ఉంది, ఎందుకంటే శాలువలు కప్పించుకుంటున్నది ఎలీషాయే మరి. ప్రతి సత్కారానికీ ముందు వరసలో కూర్చుని గట్టిగా చప్పట్లు కొట్టేవాడు. కొట్టిన ప్రతి చప్పట్లో ఒక చెయ్యి ఎలీషా చెంపనీ, రెండోది దాని మీద పడే తన దెబ్బనీ ఊహించుకునేవాడు.

తర్వాతి మెట్టు గది. "సార్, పెద్ద పెద్దోళ్లు వస్తున్నరు. తొట్టి పక్కన స్టూలు మీద కూసొని మాట్లాడితే ఏం బాగుంటది?" అని అద్దాల కేబిన్‌కు, ఏసీకి దరఖాస్తు తానే రాయించాడు. ట్యూబు కోసం మెట్ల మీద కూర్చోబెట్టిన హెడ్డాఫీసు ఏసీ కాగితం మీద మాత్రం ఎగిరి గంతేసి సంతకం పెట్టింది. ట్యూబు మంజూరు చేస్తే బాయిలర్ వేడెక్కుతుంది. ఏసీ మంజూరు చేస్తే మేనేజర్ చల్లబడతాడు. ఏది సుళువో వాళ్లకు తెలియదా?

సరిగ్గా మే నెలలో, మేను ఉడికే నెలలో, మేనేజరుకు ఏసీ వచ్చింది. తొట్టి పక్క నుంచి చెమటతో వచ్చిన ఎలీషా ఆ గదిలో ఒకసారి కూర్చున్నాడు. మరుసటి రోజు ఇంకొంచెం సేపు కూర్చున్నాడు. అద్దాల తలుపు మూస్తే బయటి చప్పుడు, ఆవిరి, గంజి వాసన, అన్నీ బయటే.

ఓదెమ్మ ఊడుస్తూ అన్నది. "సార్‌కు ఏసీ పెట్టిండ్రా, సార్‌నే అండ్ల పెట్టిండ్రా?"

"ఏసీ ఏసినం, ఓదెమ్మా," అన్నాడు దత్తాత్రి. "ఏసి తలుపేసినం."

ఇనుప స్టూలును ఎవరో మూలకు నెట్టారు. ఎవరో కాదు, దత్తాత్రే.

వానాకాలం వచ్చింది. సైజింగ్ పనికి వానాకాలం కంటే పెద్ద పరీక్ష లేదు. గాలంతా చెమ్మ. డ్రమ్ముల మీద ఆరినట్టే కనిపించే దారం లోపల తడిగా ఉంటుంది. అలాంటి బీము సాంచా ఎక్కితే దారాలు ఒకదానికొకటి అంటుకుని గుంపులుగా తెగుతాయి, నాలుగు రోజులుంటే బూజు కూడా పడుతుంది. పోయినేడాది వానలో ఎలీషా రోజంతా తొట్టి పక్కనే ఉండి, ఒక్కో బీముకు చెంప ఆనించి, మిషన్ నెమ్మదిగా నడిపించాడు. ఈసారి అతను కూర్చున్న గదిలో వాన లేదు. ఏసీ ఆ గది గాలిని ఎండుగడ్డిలా ఆరబెట్టింది. తన చెంపకు తగిలే గాలే ఊరంతా వీస్తోందనుకున్నాడు.

ఆ పొద్దున కనేరికి పోవలసిన బీములు దిగాయి. దత్తాత్రి ఒకదాని మీద అరచెయ్యి పెట్టాడు. కప్ప వీపులా చల్లగా, చిత్తడిగా తగిలింది. అతనికి తెలియని తడి కాదది. ఎవరూ చూడకుండా చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

అద్దాల తలుపు సందులోంచి ఎలీషా తల బయటికొచ్చింది. "అన్నా, బీములు ఆరినయా?"

దత్తాత్రి నాలుక మీద నిజం వచ్చి నిలబడింది. అదే సమయంలో ఎలీషా వెనక గోడకు వేలాడుతున్న ఫోటో కనిపించింది. శాలువ కప్పుకున్న ఎలీషా, అరమూసిన కళ్లు, బుగ్గల్లో వెలుగు.

"ఆరినయి సార్. అంత ఠీక్."

ఎలీషా కాలు బయట పెట్టబోయాడు. "ఒక్కపారి చూసి వస్త..."

"మీరెందుకు సార్? బయటంత చిత్తడి. రోటరీ వాళ్లు వస్తున్నరు, శాలువ పట్టుకొని. బట్టల మీద గంజి పడుతది."

కాలు వెనక్కి పోయింది. తలుపు మూసుకుంది. లోపలికి లాక్కున్న ఆ కాలును దత్తాత్రి తర్వాత ఎన్నిసార్లో గుర్తు చేసుకున్నాడు. నేనొక్కణ్నే చేసిన పని కాదు గదా, ఆ కాలు కూడా చేసింది గదా అనుకుని కొంచెం నిద్రపోయేవాడు.

బీములు కనేరి చేరాయి. సాంచాలు ఎక్కాయి. పుటుక్కుమన్నది ఒక్క దారం కాదు, వాడంతా పుటుక్కుమంది. శుక్రవారం, భివండీలో సాంచాలకు సెలవు రోజు, మల్లేశం మిగతా యజమానులను వెంటేసుకుని గేటు ముందుకొచ్చాడు. భుజాన బూజు పట్టిన నూలు పాయను శాలువలా వేసుకున్నాడు.

"మేనేజర్ సాబ్! బయటికి రాండ్రి! మా దిక్కు నుంచి కూడ ఒక సత్కారం ఉన్నది! సార్ ఉన్నరు గని గంజిల సారం లేదు!"

ఎలీషా బయటికొచ్చాడు. మల్లేశం భుజం మీది నూలు తీసి చెంపకు ఆనించుకున్నాడు. ఎవరి మీదా అరవలేదు. దత్తాత్రి వైపు ఒక్కసారి చూశాడు. అందులో కోపం ఉంటే దత్తాత్రి బతికిపోయేవాడు, కోపానికి బదులివ్వొచ్చు. అందులో కోపం లేదు.

"నా తప్పు, మల్లేశన్నా," అన్నాడు ఎలీషా. "బీము నేను చూడలె."

ఆ రోజు నుంచి అతను కేబిన్‌లోకి పోలేదు. వానలో తడుస్తూ కనేరిలో షెడ్డు షెడ్డుకూ తిరిగాడు. సాంచాల కింద దూరి, తెగిన దారాలకు దత్తాత్రి నేర్పిన ఆ ముడినే వేస్తూ కూర్చున్నాడు. మొదట మొహం తిప్పుకున్నవాళ్లు తర్వాత టీ ఇచ్చారు, ఆ తర్వాత అన్నమే పెట్టారు. కనేరి క్షమించింది. మండలి క్షమించలేదు. తనిఖీకి వచ్చిన పెద్దసారు కేబిన్‌లో చల్లగా కూర్చుని రిపోర్టు రాశాడు. మేనేజరు కేబిన్‌లో లేడని, ఎక్కడో షెడ్డుల్లో తిరుగుతున్నాడని, క్రమశిక్షణ లేదని. ఎలీషాను నాగపూర్ అవతల ఒక గోదాముకు బదిలీ చేశారు. ఇంఛార్జ్ మేనేజరు దత్తాత్రి.

సుశీలాబాయి బీరువా తెరిచి సఫారీ తీసింది. ఇస్త్రీ చేస్తూ, "మార్త పొద్దున నా దగ్గర ఏడ్చింది" అని మాత్రం అన్నది.

ఎలీషా పోయే రోజున అంజూర్ ఫాటా దగ్గర బస్సు కోసం నిలబడితే, వీడ్కోలు చెప్పడానికి లెక్కలోకి వచ్చే పెద్దమనుషులెవరూ రాలేదు. ఏ సంఘమూ, ఏ క్లబ్బూ రాలేదు. వచ్చింది మల్లేశం, కనేరి వాళ్లు, మగ్గాల షెడ్డు ఆడవాళ్లు, ఓదెమ్మ. ఎవరి చేతిలోనూ శాలువ లేదు. రొట్టెల మూటలు, ఎల్లిపాయ కారం సీసాలు, మార్తకు ఒక చీర. మల్లేశం అంత గొంతూ చిన్నబోయి, "తమ్మీ, ఫోన్ చెయ్యి" అని ఎలీషా మెడ కావలించుకున్నాడు.

దూరంగా సఫారీలో నిలబడ్డ దత్తాత్రికి కడుపులో మళ్లీ అదే ముడి. వాడిని కుర్చీ నుంచి దింపాడు, ఊరు దాటించాడు, ఇప్పుడు ఆ వెళ్లిపోవడం మీద కూడా కుళ్లు పుట్టింది. తాను పోతే ఓదెమ్మ ఇట్ల ఏడుస్తదా?

ఎలీషా అతని దగ్గరికి వచ్చాడు. "అన్నా, ఒక్క మాట చెప్పనా? ఆ కేబిన్‌కు తాళం ఎయ్యి. తొట్టి కాడ నిలబడు. బీముకు చెంప పెట్టు. నేను గదే మర్చిపోయిన."

దత్తాత్రి మొహం ఒక్కసారి వెలిగింది. ఓహో! ఇప్పుడు వీడు కుళ్లుకుంటున్నడు! నేను ఏసీల కూసుంట అని వీని కడుపు మండుతున్నది! ఇన్నాళ్లకు తన మీద ఎవరో కుళ్లుకుంటున్నారన్న సంతోషానికి, చానా రోజుల తర్వాత ప్రేమగా నవ్వి అన్నాడు. "అట్లనే తమ్మీ. పొయ్యిరా."

బస్సు మెట్టు ఎక్కుతూ ఎలీషా వెనక్కి తిరిగాడు. "మంచిది సార్," అన్నాడు. ఎగతాళి లేదు. కుర్చీకి ఇచ్చే మర్యాదే.

మర్నాడు దత్తాత్రి కేబిన్‌లో కూర్చున్నాడు. ఏసీ వేశాడు. ఒక విషయంలో మాత్రం అతను గట్టిగా ఉన్నాడు. ఎలీషా చేసిన తప్పు తాను చేయడు. శాలువ గుట్టు తన కంటే ఎవరికి తెలుసు? ఎవరన్నా శాలువ తెస్తే, చెయ్యి అడ్డం పెట్టి, "వద్దు, పనే నాకు సన్మానం" అంటాడు. ఆ మాట అద్దంలో చూసుకుంటూ అని చూశాడు. బాగుంది. చెయ్యి కొంచెం పైకెత్తి మళ్లీ అన్నాడు. ఇంకా బాగుంది.

ఇక తెచ్చేవాళ్లు రావాలి.

సంఘం వాళ్లు రాలేదు. క్లబ్ వాళ్లు రాలేదు. గణేశ్ మండలి వాళ్లు గేటు దాకా వచ్చి, చందా రశీదు వాచ్‌మన్‌కే ఇచ్చి పోయారు. ఎలీషా దగ్గరికి వాళ్లను పంపించిన దత్తాత్రి ఒకడుండేవాడు. దత్తాత్రి దగ్గరికి పంపించడానికి దత్తాత్రి అంత కుళ్లుబోతు ఎవడూ ఆ కేంద్రంలో లేడు. పనివాళ్లు తలవంచుకుని పని చేసుకుంటున్నారు. ఎవరి కళ్లలోనూ తన మీద చిన్న మంట కూడా కనిపించలేదు. చలిలో కూర్చున్న దత్తాత్రికి ఆ లోటు ఎముకల దాకా తగిలింది.

తలుపు చప్పుడైంది. దత్తాత్రి సఫారీ సర్దుకుని, చెయ్యి అడ్డం పెట్టడానికి సిద్ధంగా ఎత్తాడు.

ఓదెమ్మ. చేతిలో టీ గ్లాసు తప్ప ఏమీ లేదు.

"దత్తన్నా, తొట్టి కాడ గంజి పులిసిన వాసనొస్తున్నది. పిల్లగాండ్లకు తెలుస్తలేదు. ఒక్కపారి వచ్చి చూస్తవా?"

"వస్త, నువ్వు పో."

లేచాడు. నిజంగానే లేచాడు. తలుపు పిడి మీద చెయ్యి కూడా వేశాడు. ఇంతలో గేటు బయట ఒక ఆటోరిక్షా ఆగిన చప్పుడైంది. సంఘం అధ్యక్షుడు వచ్చేది కూడా అలాంటి రిక్షాలోనే. ఒకవేళ వాళ్లే అయితే? శాలువ పట్టుకుని వచ్చేసరికి కుర్చీలో మనిషి లేకపోతే ఎట్ల? తిరస్కరించడానికైనా ఎదురుగా ఉండాలె గదా!

వెనక్కి వచ్చి కూర్చున్నాడు. రిక్షా ఎవరినో దింపి పోయింది.

తలుపు కింది సందులోంచి పులిసిన గంజి వాసన మెల్లగా గదిలోకి వచ్చింది. దత్తాత్రి ముక్కు చిట్లించి, ఏసీ ఇంకొంచెం పెంచాడు. గేటు వైపు చూస్తూ కూర్చున్నాడు.